పాండూరు మాత్రలు, కండిగై మాత్రలు

ఇది తెలుగులో రాస్తున్నానని మా అక్క కూతురు శాంతి నవ్వుతోంది. "ఎవురు చదువుతారు చిన్నమ్మా? ఈ కాలం పిల్లోళ్ళకి తమిళమే గదా వచ్చేది. తమిళంలో రాయి" అంటుంది. నిజమే. తమిళనాడు అంచున ఉన్న మా తిరుత్తణి, తిరువళ్ళూరు ఆసుపత్రుల్లో మందులిచ్చే పనికి ఇప్పుడు చేరుతున్న పిల్లల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామందే ఉన్నారు. తెలుగు అక్షరం చూపిస్తే మాత్రం జిలేబీలా ఉందని నవ్వుతారు. అయినా నాకు కోపం వచ్చేది తెలుగులోనే. తమిళంలో రాస్తే మర్యాదగా రాస్తాను, ఇంగ్లీషులో రాస్తే రిపోర్టులా రాస్తాను. ఈ పని గురించి అలా రాసి ప్రయోజనం లేదు.

నేను ఫార్మసిస్టును. మొదట కొన్నేళ్ళు తిరువళ్ళూరులో, తర్వాత డెబ్బైల్లోనూ ఎనభైల్లోనూ తిరుత్తణి ఆసుపత్రిలో పనిచేశాను. ఊరి జనానికి ఆ మాట నోరు తిరగక కాంపౌండరమ్మా అని పిలిచేవాళ్ళు. నా ప్రమోషన్ల గురించీ, స్టాకు తనిఖీల గురించీ ఇక్కడ రాయను. అవి చదివితే నాకే నిద్ర వస్తుంది. ముసలివాళ్ళు మాత్రలు ఎలా మింగుతారో, ఎందుకు మింగరో, ఎందుకు ఎక్కువ మింగుతారో రాస్తాను. నా ఉద్యోగంలో నేను నిజంగా నేర్చుకున్నది అదొక్కటే.

కిటికీ

ఆ రోజుల్లో మందులిచ్చే గదికి ఒక కిటికీ, దానికి ఇనుప జాలీ, జాలీకి చెయ్యి పట్టేంత సందు ఉండేవి. ఆ సందులోంచి ఓపీ చీటీ వస్తుంది, ఖాళీ సీసా వస్తుంది. నేను సీసాలో మిక్చరు పోసి, మాత్రలు న్యూస్‌పేపరు ముక్కలో పొట్లం కట్టి, అదే సందులోంచి తోస్తాను. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అన్నం తిన్నాక" అంటాను. అవతల మనిషి "సరేమ్మా" అంటుంది. వెనకనుంచి ఇంకొకరు మోచేత్తో పొడుస్తారు. అంతే, అయిపోయింది.

నాకు మొహాలు కనిపించేవి కావు. చేతులు కనిపించేవి. వాచిన వేళ్ళు, వణికే వేళ్ళు, బురద ఆరని గోళ్ళు, గాజులు తీసేసిన మణికట్లు. బజార్లో ఎవరైనా నన్ను చూసి నమస్కారం పెడితే మొహం గుర్తు రాక చేతుల వంక చూసేదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళు అప్పట్లో చాలామంది ఉండేవాళ్ళు, వాళ్ళకి చెప్పిన జవాబులు ఇప్పుడు నాకే గుర్తు లేవు. స్టేషను దగ్గర ఒక గదిలో అద్దెకుండేదాన్ని. పగలంతా జనం మధ్య ఉండి ఒక్కరి మొహమూ సరిగ్గా చూడకుండా గదికి వెళ్ళేదాన్ని. ఒంటరితనం అని దాన్ని ఆ రోజుల్లో అనలేదు. డ్యూటీ అన్నాను.

కొత్తగా చేరే పిల్లలకి మొదట చెప్పేది ఇదే. "సరేమ్మా" అనే మాటను నమ్మకండి. ముసలివాళ్ళు మన మాట అర్థమైనందుకు సరే అనరు, వెనకవాళ్ళు తోస్తున్నారని అంటారు.

పెద్ద డాక్టరు

మా పెద్ద డాక్టరుగారు తమిళాయన. నోరు మహా చెడ్డది. నర్సులు ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తే గోడకి అతుక్కునేవాళ్ళు. నన్ను కూడా ఎన్నిసార్లు తిట్టారో. కానీ ముసలివాళ్ళని ఒక్క మాట అనేవారు కాదు. ఏ ముసలాయన వచ్చినా, ఏ ముసలమ్మ వచ్చినా మొదట స్టెతస్కోపు తీసేవారు కాదు, వాళ్ళ చేతిసంచి తీసుకుని బల్ల మీద బోర్లించేవారు. దువ్వెన, బస్సు టికెట్లు, కుంకుమ పొట్లం, ఎండిపోయిన నిమ్మకాయ, వాటి మధ్య రకరకాల మాత్రలు. కొన్ని పక్కింటివాళ్ళవి. కొన్ని చచ్చిపోయిన మొగుడివి. "ఆయన పోయినాడు సార్, మాత్రలు మిగిలిపోయినాయి, పారేసేదానికి మనసు రాలే" అని ఒకామె అంటే ఆయన కోప్పడలేదు. కాసేపు ఆ మాత్రల్ని చూసి, "ఇవి నేను దాచిపెడతానులే" అని తీసుకున్నారు. నేను ఆయన దగ్గర నేర్చుకున్న ఫార్మసీ కాలేజీలో లేదు.

సంచి బోర్లిస్తే అన్నీ తెలుస్తాయని ఆయన నమ్మకం. చాలావరకు తెలిసేవి. ఒక్కోసారి సంచిలో దొరకనివి ఉంటాయి.

ఆడికృత్తిక నాడు

తిరుత్తణిలో ఆడికృత్తిక అంటే చెప్పనక్కర్లేదు. సుబ్రహ్మణ్యస్వామి కొండ మొత్తం కావళ్ళే. ఒక బడిపంతులుగారి తండ్రి, చక్కెర జబ్బు మనిషి, ఆ రోజు పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా మెట్లెక్కాడు. మధ్యలో ఒళ్ళంతా చెమటలు, వణుకు, కళ్ళు తేలేయడం. చుట్టూ ఉన్నవాళ్ళు స్వామి పూనాడన్నారు. విభూతి పూశారు, కర్పూరం వెలిగించారు, "ఏం కావాలో చెప్పు స్వామీ" అని కాళ్ళ మీద పడ్డారు. ఎవరో పుణ్యాత్మురాలు పంచామృతం తెచ్చి నాలుక మీద రాసింది. ఇంకొంచెం రాసింది. చప్పరించాడు. కాసేపటికి లేచి కూర్చున్నాడు.

స్వామి శాంతించాడని జనం అన్నారు. నేను కాదనలేదు. కానీ మర్నాడు ఆయన్ని ఆసుపత్రికి తీసుకొచ్చినప్పుడు అడిగాను, "తాతా, ఉపవాసం ఉన్న రోజు చక్కెర మాత్ర ఎందుకేసుకున్నావు? ఒంట్లో ఉన్న చక్కెర కూడా పడిపోదా?" అని.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "మాత్ర అన్నం గాదు గదమ్మా. నీళ్ళతో మింగితే ఉపాసం యాడ చెడతాది?"

ఆయన తప్పు చేయలేదు. నియమంగా మాత్ర వేసుకోమన్నాం, వేసుకున్నాడు. నియమంగా ఉపవాసం ఉండమన్నారు, ఉన్నాడు. రెండు నియమాలూ ఒకే కడుపులో కలుస్తాయని ఎవరమూ చెప్పలేదు. అప్పటినుంచీ నా కిటికీ పక్కన పంచాంగం వేలాడదీశాను. కృత్తిక, ఏకాదశి, శనివారం ముందు చక్కెర మాత్రలు తీసుకునే ప్రతి ముసలి చేతినీ గట్టిగా పట్టుకుని అడిగేదాన్ని. మా డాక్టరుగారు ఆ పంచాంగం చూసి, "క్రిస్టియన్ పిల్లవి, నీకెందుకమ్మా ఇది?" అన్నారు. "రోగులకి కావాలి సార్" అన్నాను. మర్నాడు తన గదిలో కూడా ఒకటి పెట్టించుకున్నారు.

మునెమ్మ

ఇక మునెమ్మ సంగతి. ఈ రాతంతా ఆమె కోసమే మొదలుపెట్టాను.

మునెమ్మకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు తిరువళ్ళూరు దగ్గర పాండూరులో, చిన్నవాడు తిరుత్తణి అవతల కే.జీ.కండిగైలో. ఇద్దరిదీ సేద్యమే. ముసలామె ఒక నెల పెద్దకొడుకు వంతు, ఒక నెల చిన్నకొడుకు వంతు. అమావాస్య దాటగానే మకాం మారాలి. ఇందులో ఎవరి చెడ్డతనమూ లేదు. తల్లిని చూసుకునే పుణ్యం ఒక్కరికే పోకూడదని ఇద్దరూ కూర్చుని పెట్టుకున్న ఏర్పాటు. కోడళ్ళు కూడా మంచివాళ్ళే. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మా ఆసుపత్రి వరండాలో వాళ్ళలో ఒకదాన్ని హంతకురాలిలా నిలబెట్టారు.

మునెమ్మకి గుండె బలహీనపడి కాళ్ళు వాచేవి, ఆయాసం వచ్చేది. పాండూరు వంతులో ఉండగా పెద్దకోడలు రుక్మిణి తిరువళ్ళూరులో ఒక ప్రైవేటు డాక్టరుకి చూపించింది. కండిగై వంతులో ఉండగా చిన్నకోడలు కస్తూరి మా ఆసుపత్రికి తీసుకొచ్చింది. రెండుచోట్లా సరైన మందే ఇచ్చారు. ఒకటే మందు, డిజాక్సిన్. చిన్న తెల్ల మాత్ర. ఆ రోజుల్లో ప్రైవేటు డాక్టర్లు కూడా డబ్బాలోంచి విడిగా తీసి కాగితంలో చుట్టి ఇచ్చేవాళ్ళు, పేరు ఉండదు. ఈ మాత్ర గుండెకి మేలు చేస్తుంది. కానీ మోతాదు కాస్త ఎక్కువైతే అదే గుండెని ముంచుతుంది. మేలుకీ కీడుకీ మధ్య చోటు చాలా ఇరుకు.

కస్తూరి చేతులు నాకు తెలుసు. కుడి బొటనవేలికి కొడవలి గాటు. మాత్రలు అయిపోగానే ఆ చెయ్యి సందులోంచి వచ్చేది. ఒక్కరోజు ఆలస్యమయ్యేది కాదు.

అయినా మునెమ్మ కండిగైకి వచ్చినప్పుడల్లా చిక్కిపోయేది. కొన్నాళ్ళు బాగుండేది, తర్వాత అన్నం వద్దనేది, తిన్నది కక్కేది, లేచి నడిస్తే తూలేది. నెల దాటి పాండూరు వెళ్ళాక మెల్లగా తేరుకునేది. మళ్ళీ కండిగై, మళ్ళీ కక్కడం. చూసేవాళ్ళకి ఏమనిపిస్తుంది? పెద్దకోడలు పెడుతోంది, చిన్నకోడలు కడుపు మాడుస్తోంది. ఊళ్ళో అనేశారు కూడా.

కస్తూరి రెండుసార్లు తీసుకొచ్చింది. డాక్టరుగారు తన అలవాటు ప్రకారం గుడ్డసంచి బోర్లించారు. మేమిచ్చిన మాత్రలు తప్ప ఏమీ లేవు. లెక్క కూడా సరిపోయింది. కడుపు జబ్బేమో అని మిక్చరు రాశారు, నేను పోసిచ్చాను.

పచ్చన్నం

మూడోసారి వచ్చినప్పుడు మునెమ్మని ఎడ్లబండిలో పడుకోబెట్టి తెచ్చారు. వరండాలో మందుల కిటికీ ఎదురుగా ఒక చెక్కబెంచీ ఉండేది, దాని మీద కూర్చోబెట్టారు. డాక్టరుగారు కాన్పు కేసులో ఉన్నారు. ఇంతలో పాండూరు నుంచి పెద్దకొడుకు దిగాడు, వెంట ఇద్దరు బంధువులు.

"మాయమ్మని ఈ పొద్దే ఎత్తుకోని పోతా ఉండాను. ఇంక కండిగై దిక్కు చూసేది లేదు" అన్నాడు.

చిన్నకొడుకు తలకాయ వంచుకున్నాడు. కస్తూరి ఊరుకోలేదు. "ఏం జేసినాను బావా నేను? అడగండి అత్తనే!"

"అడిగినాములే. పురుగు పట్టిన పాత బియ్యం వండి పెడతా ఉండావంట. అన్నం పచ్చగా ఉంటాదని మాయమ్మ నోటితోనే చెప్పింది. ముసిలిదానికి ఆ కూడు దిగుతాదా?"

"మా సేన్లో పండిన కొత్త బియ్యం బావా! మల్లెపువ్వు మాదిరి ఉంటాది అన్నం. నా బిడ్డల మీద ఒట్టు!"

"బిడ్డల మీద ఒట్లు పెట్టొద్దు. మాయమ్మ అబద్ధం చెప్తాదా?"

కస్తూరి అత్త కాళ్ళ దగ్గర కూలబడింది. "చెప్పు అత్తా. ఒక్క మాట చెప్పు." మునెమ్మ కళ్ళు మూసుకుని, "పచ్చగానే ఉండాదే... పసుపు పూసినట్ట ఉండాది... నేనేం జేసేది" అని గొణిగింది. ఆ మాటకి కస్తూరి ఏడుపు ఆగిపోయింది. జాలీకి ఆనుకుని ఆమె మొహం చూశాను. మనిషికి తన మీద తనకే అనుమానం వచ్చినప్పుడు మొహం అలా ఉంటుంది.

నాకు ఒళ్ళు మండింది. కిటికీ వదిలేసి తలుపు తీసుకుని బయటికి వచ్చాను. వరుసలో ఉన్నవాళ్ళు గోలపెట్టారు. "ఇది ఆసుపత్రా, సంతా? మొగోళ్ళంతా పోయి టీ తాగి రాండి. పోండి!" అని అరిచాను. కాంపౌండరమ్మకి అంత గొంతు ఉందని వాళ్ళకి తెలియదు, నాకూ తెలియదు. వెళ్ళారు. కస్తూరిని నీళ్ళు తెమ్మని పంపి, నేను బెంచీ మీద మునెమ్మ పక్కన కూర్చున్నాను. అన్నేళ్ళలో ఆ బెంచీ మీద నేను కూర్చోవడం అదే మొదలు.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. కాసేపటికి, అతిథి మర్యాద మరిచిపోని మనిషి కదా, "వక్కాకు ఏసుకుంటావా కాంపౌండరమ్మా?" అంది. నడుముకి దోపుకున్న వక్కాకు సంచి తీసి ముడి విప్పింది. ఆకులు, వక్కపలుకులు, సున్నం డబ్బీ, వాటి పక్కన ఒక కాగితం పొట్లం. మా ఆసుపత్రి మడత కాదు.

గుడ్డసంచులు ఎన్ని బోర్లించినా, ఒక ఆడమనిషి నడుములో ఉండే వక్కాకు సంచిని ఏ మగ డాక్టరూ ముట్టుకోడు. ముట్టుకోకూడదు కూడా.

"ఇదేంది అవ్వా?"

"పాండూరు మాత్రలు."

"ఎవురిచ్చినారు?"

"మా పెద్దకోడలు. నేను వంతు మారి వచ్చేటప్పుడు నెలకి సరిపడా కొని ఇస్తాది. అత్తని ఒట్టి చేతుల్తో పంపించినారు అని కండిగైలో అనగూడదు గదా. ఆ బిడ్డకి మానం ఎక్కువ."

"మరి కస్తూరి ఇచ్చే మాత్రలు?"

"అదీ ఏసుకుంటాను. ఈ బిడ్డ ఎండలో నడిచి వచ్చి తెస్తాది. ఏసుకోకుంటే దీని మనసు నొచ్చుకోదా? అది ఏసుకోకుంటే దాని మనసు నొచ్చుకోదా?" గొంతు తగ్గించింది. "ఇది చూస్తే కస్తూరి బాధపడతాది, నా మాత్రలు చాలలేదా అంటాది. అందుకే వక్కాకుతో పాటు నోట్లో ఏసుకుంటాను."

ఇద్దరు కోడళ్ళ మర్యాదా కాపాడుతూ మునెమ్మ రెండు మోతాదులు మింగుతోంది.

పొట్లం పట్టుకుని కాన్పుల గది తలుపు తట్టాను. ఇంకెవరైనా అయితే ఆయన చంపేసేవారు. "సార్, ఆమె దగ్గర ఇంకో పొట్లం దొరికింది. అన్నం పచ్చగా కనిపిస్తోందట" అన్నాను. మొదటి మాటకి ఆయన తల ఎత్తలేదు. రెండో మాటకి ఎత్తారు. "మంజళా? పసుపురంగా?" అని అడిగి, కాన్పు నర్సుకి అప్పగించి, చేతులు కడుక్కుని, పరుగులాంటి నడకతో వచ్చారు. అన్నం మారలేదు, ముసలామె కంటికి రంగు మారింది. ఆ మందు ఒంట్లో పేరుకుంటే అలాగే కనిపిస్తుందని పుస్తకంలో నేనూ చదివాను, పరీక్షలో రాశాను కూడా. కానీ పుస్తకంలో అత్తాకోడళ్ళ తగువు లేదు, పురుగు పట్టిన బియ్యం లేదు. నాకు తట్టలేదు. ఆయనకి తట్టింది. బెంచీ ముందు నేల మీదే గొంతుక్కూర్చుని చాలాసేపు నాడి పట్టుకున్నారు. అది తడబడుతూ, ఆగి ఆగి కొట్టుకుంటోంది.

"ఇంకో వారం ఇలాగే మింగి ఉంటే మనకి ఈ మనిషి లేదు" అన్నారు మెల్లగా తమిళంలో. మాత్రలన్నీ ఆపించి వార్డులో పడుకోబెట్టారు.

తెల్లన్నం

కస్తూరి రోజూ కండిగై నుంచి క్యారియరులో అన్నం తెచ్చేది. మునెమ్మ రెండు ముద్దలు తిని తోసేసేది. కొన్ని రోజులకి నేను వార్డుకి మందులు తీసుకెళ్ళిన వేళ, కస్తూరి మూత తీసింది. మునెమ్మ గిన్నెలోకి వంగి చూసి, "ఈ పొద్దు మంచి బియ్యం తెచ్చినావే. తెల్లగా ఉండాది" అంది.

కస్తూరి గరిటె కింద పెట్టేసింది. "ఎప్పుడూ తెచ్చేది ఇదే అత్తా" అని, ఇక ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ముసలామెకి ఏమీ అర్థం కాలేదు. "ఏమైందే? కారం తగిలిందా?" అని వీపు నిమిరింది.

ఇప్పుడు అసలు కష్టం మొదలైంది. నిజం చెబితే కస్తూరి బయటపడుతుంది, రుక్మిణి ఇరుక్కుంటుంది. కండిగైవాళ్ళు మంచివాళ్ళయిపోతారు, పాండూరు కోడలు అత్తకి విషం కట్టి పంపిందని అదే ఊరు అంటుంది. డాక్టరుగారు అందరినీ నిలబెట్టి కడిగేద్దామన్నారు. "సార్, తప్పు మందులో లేదు, మనుషుల్లోనూ లేదు. మీరు అరిస్తే ఎవరో ఒకరి మీద పడుతుంది" అన్నాను. ఆయన నా వంక ఎర్రగా చూశారు. తర్వాత "అయితే నువ్వే ఏడు" అని వెళ్ళిపోయారు. ఆయన భాషలో అది అనుమతి.

ఇద్దరు కోడళ్ళనీ పిలిచి మందుల గదిలో, జాలీకి లోపలివైపు, కూర్చోబెట్టాను. రెండు మందులూ ఒకటేనని, రెండు ఇళ్ళ ప్రేమా ఒకే ఒంట్లో కలిసి ఎక్కువైందని చెప్పాను. రుక్మిణి మొహం తెల్లబోయింది. "నేనా? నేనా కాంపౌండరమ్మా?" అంది. కస్తూరే ఆమె చెయ్యి పట్టుకుంది. "లేదక్కా. నువ్వు మాత్రలిచ్చినావు, నేనూ మాత్రలిచ్చినాను. మనం ఒకరికొకరు చెప్పుకోలా, అంతే" అంది. నన్నడిగితే, ఆ వరండాలో అంత అవమానం పడ్డ మనిషి ఆ మాట అనడం కంటే పెద్ద పని నా సర్వీసులో నేను చూడలేదు.

ఏర్పాటు ఇలా చేశాం. మాత్రలు ఒక్క చోటి నుంచే, మా ఆసుపత్రి నుంచే. తిరువళ్ళూరు డాక్టరుగారికి మా డాక్టరుగారే చెప్పారు. మాత్రలకి ఒక్కటే సంచి. ఆ సంచి ఏ ఇంట్లోనూ ఉండదు, మునెమ్మతో పాటే తిరుగుతుంది. సంచి కుట్టేది రుక్మిణి, నింపేది కస్తూరి. అత్త ఎవరి వంతులో ఉన్నా ఆమె నడుమున పెద్దకోడలి కుట్టూ, చిన్నకోడలి మాత్రలూ ఉంటాయి. రుక్మిణి తన పెళ్ళినాటి ఎర్ర రవిక చింపి, లోపల పొద్దుటికి ఒక అర, రాత్రికి ఒక అర పెట్టి కుట్టింది. మానం నిలబడింది. మునెమ్మా నిలబడింది.

పిల్లలూ, మీకు నేను చెప్పేది ఇదే. అమ్మకో నాన్నకో మందులు చూసుకునే కొడుకులకీ కూతుళ్ళకీ కూడా ఇదే చెబుతున్నాను. మాత్రలు వేసుకుంటున్నావా అని అడగకండి, ఎలా వేసుకుంటావో చూపించమనండి. మీ డాక్టరు ఇచ్చినవి కాక ఇంకెవరెవరు ఏం ఇచ్చారో అడగండి, తిట్టకుండా అడగండి, తిడితే రేపటినుంచి వక్కాకు సంచిలో దాస్తారు. పాత మాత్రలు ఇంట్లో ఉంచకండి. అన్నిటికంటే ముఖ్యం, చూసుకునేవాళ్ళు పదిమంది ఉన్నారని ధైర్యపడకండి. మునెమ్మకి రెండు ఇళ్ళున్నాయి, ఇద్దరు డాక్టర్లున్నారు. ఆమెతో పాటు బస్సెక్కి ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి వచ్చే మనిషి మాత్రం ఒక్కరూ లేరు.

బెంచీ

ఆ తర్వాత మునెమ్మ చాలా ఏళ్ళు బతికింది. ప్రతి అమావాస్య దాటాక పాండూరు నుంచో కండిగై నుంచో బస్సు దిగి, ఇంకో బస్సు ఎక్కే ముందు మా ఆసుపత్రికి వచ్చేది. సంచి సందులోంచి తోసేది. నేను రెండు అరలూ చూసి తిరిగి ఇచ్చేదాన్ని. దానికి రెండు నిమిషాలు చాలు. కానీ ఆమె బెంచీ మీద కూర్చునేది. ఒక బస్సు పోయేది, ఇంకొకటీ పోయేది. మధ్యాహ్నం కిటికీ మూశాక నేను నా టిఫిను డబ్బా తీసుకుని ఆమె పక్కన కూర్చునేదాన్ని. నెలలో నేను ఒంటరిగా తినని మధ్యాహ్నం అదొక్కటే.

ఒకసారి అడిగాను. "ఏం అవ్వా, ఇంటికి పోబుద్ధి కాలేదా? కోడలు ఏమన్నా అనిందా?"

"అయ్యో, వాళ్ళు బంగారమమ్మా. యాడికి పోయినా మంచం ఏసి పెట్టింటారు." రోడ్డు మీద పోయే బస్సు వైపు చెయ్యి చూపింది. "పాండూరులో ఉంటే పెద్దోడి వంతు. కండిగైలో ఉంటే చిన్నోడి వంతు. ఈడ కూర్చుంటే నేను ఎవురి వంతూ గాదు."

నాకప్పుడు ఆ మాట పూర్తిగా అర్థం కాలేదు. తల ఊపాను, అంతే.

ఒక అమావాస్య దాటింది, ఆమె రాలేదు. వారం చూశాను. నాకెవరు చెబుతారు? నేను ఆమెకి ఏమీ కాను. తర్వాత రుక్మిణి వచ్చింది. మధ్యాహ్నం కునుకులోనే పోయిందట, పాండూరులో. మిగిలిన మాత్రలు గవర్నమెంటువి కదా అని తిరిగి ఇవ్వడానికి వచ్చింది. రెండు అరలూ లెక్కపెట్టాను. రాత్రి అరలో ఒక మాత్ర ఎక్కువ ఉంది. మాత్రలు తీసుకున్నాను. సంచి ఇవ్వబోతే రుక్మిణి పుచ్చుకోలేదు. "మీ కాడే ఉండనీండి. మా అత్త మీ గురించే చెప్తా ఉండేది" అంది. ఆమె వెళ్ళాక కిటికీ మూసేసి, లోపల కూర్చుని ఏడ్చాను. వరుసలో జనం జాలీ మీద కొడుతూనే ఉన్నారు.

నా వంతు

నేను రిటైరయ్యాను. రక్తపోటు మాత్రలు, ఇప్పుడు చక్కెర మాత్రలు కూడా. తిరువళ్ళూరులో మా తమ్ముడి ఇల్లు, తిరుత్తణిలో శాంతి ఇల్లు. ఇద్దరూ నన్ను ఒంటరిగా గదిలో ఉండనివ్వలేదు. కొన్నాళ్ళు అక్కడ, కొన్నాళ్ళు ఇక్కడ. ఎవరూ ఏ మాటా అనరు. మంచం వేసి పెట్టే ఉంటుంది.

మొన్న తిరువళ్ళూరు నుంచి వచ్చి తిరుత్తణిలో బస్సు దిగాను. శాంతి ఇల్లు కుడివైపు. నా కాళ్ళు ఎడమవైపు, ఆసుపత్రి వైపు నడిచాయి. వరండా అదే, బెంచీ అదే, కిటికీకి కొత్త జాలీ. లోపల నేనెరగని అమ్మాయి. నన్ను గుర్తుపట్టేవాళ్ళు ఎవరూ లేరు. కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను.

మధ్యాహ్నం ఆ అమ్మాయి కిటికీ మూసి టిఫిను డబ్బాతో బయటికి వచ్చింది. నన్ను చూసి ఆగింది. నా ఒళ్ళో ఉన్న ఎర్ర సంచి చూసింది.

"ఎవురి కోసం కాచుకోని ఉండారు పెద్దమ్మా?"

"ఎవరి కోసమూ లేదమ్మా" అన్నాను.

ఆమె డబ్బా బెంచీ మీద పెట్టి నా పక్కన కూర్చుంది. "మాత్రలా అందులో? ఇట్లియ్యండి, ఒకతూరి చూస్తాను" అంది.

ముప్పై ఏళ్ళు ఇతరుల సంచులు నేను చూశాను. నా సంచి ఎవరూ అడగలేదు. కాంపౌండరమ్మకి తెలియదా అని ఇంట్లో అందరి నమ్మకం.

నేనెవరో ఆ అమ్మాయికి చెప్పలేదు. సంచి ముడి విప్పి ఆమె చేతిలో పెట్టాను.